ఎంగిలి బొమ్మలు

వాగు గట్టున ఒక ఎండిన పొణికి చెట్టుండేది, బొమ్మలు చెక్కడానికి అనువైన మెత్తటి చెక్క దానిది. ఆకు లేదు, నీడ లేదు, కాయ లేదు. అడవిలో సగం మంది దాన్ని మోడు అనేవాళ్లు. మిగతా సగం మంది బొమ్మల చెట్టు అనేవాళ్లు, ఎందుకంటే వాళ్లకు పిల్లలున్నారు.

ఆ చెట్టు పై తొర్రలో కాపురం, కింది తొర్రలో కార్ఖానా. రెండూ నడిపేది ఒకటే జంట. మొగుడు వడ్రంగిపిట్ట ముక్కోటి, పెళ్లాం సింగారమ్మ. ముక్కోటి ముక్కుతో చెక్కుతాడు, సింగారమ్మ రంగులేస్తుంది. మోదుగుపూలు నలిపితే నారింజ, నేరేడుపళ్లు పిండితే ఊదా, ఆకు పసరు తీస్తే పచ్చ. ఊడిన తోక ఈకే కుంచె. గుర్రాలు, బండ్లు, బొంగరాలు, బూరలు తయారయ్యేవి. కుందేళ్లూ జింకలూ వచ్చి దోసెడు చీమగుడ్లో నాలుగు మేడిపళ్లో ఇచ్చి పట్టుకుపోయేవి.

వినడానికి ముచ్చటగా ఉంది కదా? చేసి చూస్తే తెలుస్తుంది. వాళ్లకు ముగ్గురు పిల్లలు మరి. పెద్దవాడు గుండు, రెండోది బుడిగి, మూడోవాడు కొసరు. రెండు గుడ్లు చాలనుకుంటే మూడోది ఊరికే వచ్చింది కాబట్టి వాడికి ఆ పేరు.

"ఏమయ్యా! గుండుగాడు పసుపు దొప్పలో కూర్చున్నాడు!"

"కూర్చోనీవే, తర్వాత కడుగుదాం. ఇక్కడ గుర్రానికి నాలుగో కాలు వస్తోంది."

"గుర్రానికి కాలు రేపైనా వస్తుంది. నీ కొడుక్కి రంగు వదలదు."

"పొద్దుటి వంతు నీదే కదా!"

"పొద్దెప్పుడో నడినెత్తికొచ్చింది. ఒకసారి చెక్కలోంచి ముక్కు తీసి పైకి చూడు."

ముక్కోటి ముక్కు తీసేలోపు బుడిగి గుర్రం తోక కొరికేసేది. కొసరు ఆ తోక మింగబోయేవాడు. తల్లి వాడి నోట్లోంచి తోక లాగుతుంటే రంగు దొప్ప ఒలికేది. ఇల్లు పీకి పందిరి వేయడమంటే అదే. అయినా మూడు నాలుగు రోజులకో బొమ్మ తయారయ్యేది. ఎలాగో వాళ్లకే తెలియదు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ముక్కోటి తల్లి పెట్టింది. ఏ బొమ్మైనా సరే, తయారయ్యాక మూడు రోజులు ఇంటి పిల్లల మధ్య పడాలి. ఆ తర్వాతే గడప దాటాలి. పిల్లలు దాన్ని పొడిచి, తొర్రలోంచి తోసి, నాకి, దాని మీద నిద్రపోయేవాళ్లు. ఎక్కడో ఒక మూల విరిగేది. ముక్కోటి విసుక్కుంటూ మళ్లీ చెక్కేవాడు. ఎక్కడో రంగు ఊడేది. సింగారమ్మ తిట్టుకుంటూ మళ్లీ పూసేది. "ఈ పిల్లలు లేకపోతే రోజుకో బొమ్మ చేసేవాళ్లం" అని ఇద్దరూ అనుకునేవాళ్లు. ఆనవాయితీ ఎందుకు పెట్టిందో ఆ ముసలమ్మ చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు చెట్టు కింద నేల అదిరింది. ఏనుగుల మందకు పెద్ద అయిన ఐరావతమ్మ వచ్చి నిలబడింది.

"ముక్కోటీ, ఉన్నావా?"

"ఉన్నాం పెద్దమ్మా. చెట్టుకు వీపు మాత్రం రుద్దకు, పిల్లలున్నారు."

"ఆ చెట్టు సంగతి మాట్లాడదామనే వచ్చాను. మా మందకు వాగులోకి దారి చాలడం లేదు. ఈ మోడు అడ్డంగా ఉంది, ఈ వేసవిలో తోసేద్దామని మావాళ్లు అంటున్నారు."

సింగారమ్మ పిల్లల్ని గబగబా రెక్కల కిందికి లాక్కుంది. ఉన్న ఇల్లూ అదే, బతుకుతెరువూ అదే. ఎండిన పొణికి చెట్టు మళ్లీ ఇంకోటి దొరకాలంటే ఎన్ని అడవులు తిరగాలి?

"కంగారు పడకు పిల్లా, పూర్తిగా విను," అంది ఐరావతమ్మ. "మా ఇంట్లో ఏడేళ్లకు ఒక ఆడబిడ్డ పుట్టింది. పున్నమి నాడు పేరు పెడుతున్నాం. ఎవరు తెచ్చిన బొమ్మతో నా మనవరాలు మనసుపడి ఆడుకుంటుందో వాళ్లు అడిగిన కోరిక ఒకటి తీరుస్తానని మందలో మాటిచ్చాను. మీరేం అడుగుతారో నాకు తెలుసు. పదిహేను రోజుల గడువుంది. చేసుకోండి."

ఈ మాటలు మొగుడూపెళ్లాలతో పాటు పొదలో ఉన్న నాంచారయ్య కూడా విన్నాడు. నాంచారయ్య నక్క. అడవిలో దళారి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వస్తువు తన కాళ్లతో చేసిన పాపాన పోలేదు. ఒకరు చేసింది ఇంకొకరికి చేరవేసి, మధ్యలో తన వాటా నొక్కేసేవాడు. వాడికో పాత కోరిక ఉంది. నడివేసవిలో వాగు ఎండిపోతే ఏనుగులే ఇసుకలో చెలమ తవ్వుతాయి. అడవంతా ఆ నీళ్లే తాగాలి. ఆ చెలమ మీద పెత్తనం చేజిక్కితే? గుక్కకింత అని వసూలు చేసుకుంటూ వేసవంతా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు.

మర్నాడు పొద్దున్నే తోకకు నూనె రాసుకుని బొమ్మల చెట్టు కిందికి వచ్చాడు.

"చెల్లెమ్మా, కులాసాయేనా? బావ పనిలో ఉన్నట్టున్నాడు."

"రా అన్నా. ఇల్లు ఇలాగే ఉంటుంది, చూసీ చూడనట్టు పో."

అప్పుడే కొసరు ఒక బండి చక్రాన్ని బెల్లంముక్కలా నాకుతున్నాడు. నాంచారయ్య ముఖం చిట్లించాడు.

"అదేంటి చెల్లెమ్మా, ఆ బొమ్మ నీ కొడుకుదేనా?"

"కాదన్నా, జింకలవాళ్లది. మా అత్త పెట్టిన ఆనవాయితీ. ముందు మూడ్రోజులు మా పిల్లల మధ్య పడాలి."

"హవ్వ! అంటే ఇన్నాళ్లూ అడవందరికీ ఎంగిలి బొమ్మలు అంటగట్టారన్నమాట!"

సింగారమ్మ కుంచె ఆగిపోయింది. ముక్కోటి కింది తొర్రలోంచి తల బయట పెట్టాడు.

"మెల్లగా అను బావా, ఎవరైనా వింటారు."

"నేనెవరికీ చెప్పనులే. కానీ కుందేళ్లంటే సరే, సర్దుకుపోతాయి. ఏనుగులది పెద్దిల్లు. ఎంగిలి బొమ్మ పట్టుకెళ్లి ఆ పాప ముందు పెడితే మీ చెట్టుతో పాటు మిమ్మల్నీ తోసేస్తారు. పైగా ఇన్నాళ్లూ ఏం చేశారు? నెలకు తొమ్మిది బొమ్మలు! ఎందుకు? పొద్దస్తమానం పిల్లలు కాళ్లకడ్డం. ఆలస్యం అమృతం విషం బావా."

"ఏం చెయ్యమంటావు మరి?"

"నా బొరియ పక్కన మొన్న గాలికి పడిన మాను ఒకటుంది. నువ్వు అక్కడికి వచ్చెయ్. చడీచప్పుడూ ఉండదు, పిల్లల గోల ఉండదు. నువ్వు చెక్కు, నేను ఇక్కడికి మోసుకొస్తాను, చెల్లెమ్మ రంగేస్తుంది. పిల్లల ముక్కు మాత్రం తగలనివ్వకండి. పున్నమి పొద్దున నేనే వీపున వేసుకెళ్లి ఏనుగులకు అప్పజెప్తాను. ఈ రెక్కలతో మీరు మోయగలరా?"

మొగుడూపెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సిగ్గు మనిషినే కాదు, పిట్టనూ గుడ్డిదాన్ని చేస్తుంది. తల్లి మాట పాతబడిందనీ నక్క మాట కొత్తగా ఉందనీ ముక్కోటికి అనిపించింది. ఆ రోజే వెళ్లిపోయాడు.

పది రోజులు గడిచాయి. ముక్కోటి పడిపోయిన మాను మీద వాలి చెక్కుతూనే ఉన్నాడు. పని మాత్రం జోరుగా సాగింది. ఎవరూ తోక కొరకలేదు, ఎవరూ రంగులో కూర్చోలేదు. ఊగే గుర్రం, చక్రాల బండి, బూర, చిలుక, బొంగరం, పల్లకి ఒకదాని తర్వాత ఒకటి తయారయ్యాయి. కానీ ఒక్కో బొమ్మ పూర్తయ్యాక తలెత్తి "ఎలా ఉందిరా?" అని అడగబోయి, ఎదురుగా నిద్రపోతున్న నక్కను చూసి నోరు మూసుకునేవాడు. ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. పనిలో పడి మింగేసేవాడు.

ఇక్కడ సింగారమ్మ పని ఇంకా అధ్వానం. బొమ్మ ముట్టుకోనివ్వని పిల్లలు ఊరుకుంటారా? ఆ ఆరు బొమ్మలను ఆరు కొమ్మల్లో దాచి, ముగ్గురినీ ఒంటరిగా కాసుకుంటూ, మేత తెచ్చుకుంటూ, మిగిలిన కాస్త పొద్దులో రంగులేసింది. పిల్లల్ని కసరడం తప్ప వాళ్లతో మాట్లాడి ఎన్ని రోజులైందో ఆమెకే గుర్తులేదు.

పదో రోజు సాయంత్రం ముక్కోటి పని ముగించి ఇంటికొచ్చాడు. గడప మీద వాలాడో లేదో, కొసరు తల్లి వెనక్కి నక్కాడు.

"అమ్మా, ఎవరో వచ్చారు."

ముక్కోటి గడప మీదే ఆగిపోయాడు. పక్కన గుండు నిలబడి ఉన్నాడు. వాడి నెత్తి మీద ఎర్రటి కుచ్చు నిగనిగలాడుతోంది.

"వీడికి కుచ్చెప్పుడొచ్చిందే?"

"ఆరు రోజులైంది."

"నాకు చెప్పలేదేం?"

"ఎవరితో చెప్పి పంపను? నక్కతోనా?" అంది సింగారమ్మ. ఆమెకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నాకే తెలియలేదయ్యా. వాడే వచ్చి 'అమ్మా, నా నెత్తి చూడు' అంటే, 'రంగు ఆరాక చూస్తా' అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మనసు పీకుతోంది."

ఇద్దరూ గుండును దగ్గరికి తీసుకుని ఆ కుచ్చు నిమిరారు. పెద్దవాళ్ల చూపు పక్కకు పోతే మిగతా పిల్లలేం చేస్తారు? కొసరు మెల్లగా కొమ్మ చివరికి పాకి, దాచిన గుర్రాన్ని పట్టుకుని చెవి కొరికాడు. చెవి కాస్తా ఊడి వచ్చింది. విరిగిన చోట పేడు లేచి వాడి నాలుకకు గుచ్చుకుంది. వాడు పెట్టిన కేకకు వాగు అవతల కొంగలు లేచిపోయాయి.

సింగారమ్మ పేడు లాగేసి, పిల్లవాణ్ణి రెక్క కింద పెట్టుకుని, గుర్రం వైపు చూసింది. పైన రంగు మెరుస్తోంది. కింద చెక్క పొడవునా సన్నగా పగిలి ఉంది.

"పైన పటారం, లోన లొటారం," అంది. "ఏ చెక్కయ్యా ఇది?"

"పచ్చి మాను. ఆరలేదు. నక్క తొందరపెట్టాడు." ముక్కోటి బండిని కదిలించాడు, చక్రం వదులుగా ఆడింది. బూర మూతి దగ్గర నాలుగు పేళ్లు లేచి ఉన్నాయి. "మన ఇంట్లో చేసినవి ఇలా ఎప్పుడూ కాలేదే?"

"ఎందుకు కాలేదు? ప్రతిసారీ అయ్యాయి. మూడ్రోజుల్లో వీళ్లే విరగ్గొట్టేవాళ్లు, నువ్వు మళ్లీ చేసేవాడివి. వీళ్లు బొమ్మలు పాడుచేస్తున్నారని తిట్టుకున్నాం. బొమ్మలో లోపముంటే మనకు చూపించేది వీళ్లేనయ్యా!"

ముక్కోటి నెత్తి గోక్కున్నాడు. "అమ్మ ఆ ముక్క చెప్పి చావచ్చుగా!"

"చెప్తే విన్నావా ఎప్పుడైనా?"

ఇంకా ఐదు రోజులుంది. ఆరు బొమ్మలు బాగుచేయడం కుదిరే పని కాదు, పచ్చి చెక్కకు మందు లేదు. వాటిని చెదపురుగులకు వదిలేద్దామని చెట్టు మొదట్లో పడేశారు.

"ఒక్క బొమ్మే చేద్దాం," అంది సింగారమ్మ. "మన చెట్టు కొమ్మతోనే. ఈసారి నువ్వు చెక్కుతుంటే పిల్లలు నీ పక్కనే ఉండాలి."

కొబ్బరిబోండాం కంటే పెద్ద బంతిని తొలిచి, లోపల చిన్న అర చేసి చింతగింజలు వేశారు. దొర్లితే గలగలమనాలి. మొదటి బంతిని గుండు కొమ్మ మీంచి తోశాడు, రెండు చెక్కలైంది. "గోడ మందం చాల్లేదు నాన్నా," అన్నాడు పెద్దమనిషిలాగా. రెండో బంతిని బుడిగి వాగులో పడేసింది, నీళ్లు నారింజ రంగుకు తిరిగాయి. సింగారమ్మ ఈసారి రంగు మీద లక్క పూసింది. మూడో బంతికి ఒక పక్కన కంత పెట్టారు. ముగ్గురూ అందులో దూరి గట్టు మీంచి వాగు దాకా ఇరవైసార్లు దొర్లారు, తల్లి అరుస్తున్నా వినలేదు. కొసరు దాన్ని రెండు రోజులు ఆపకుండా నాకాడు. బంతి నిలిచింది. రంగు మీద గీతలు పడ్డాయి, ఒక పక్క సొట్ట పడింది, ఎక్కడా పేడు లేవలేదు.

పున్నమి పొద్దున నాంచారయ్య వచ్చాడు. చెట్టు మొదట్లో తళతళలాడుతూ ఆరు బొమ్మలు. పక్కనే గీతలు పడిన బంతి.

"సిద్ధమేనా చెల్లెమ్మా?"

"అన్నా, ఆ ఆరూ ముట్టుకోకు. అవి పచ్చి చెక్కవి. చెవులు ఊడతాయి, చక్రాలు జారతాయి, పేళ్లు గుచ్చుకుంటాయి. చెదలకని పడేశాం. మేము ఈ బంతి పట్టుకెళ్తున్నాం."

నాంచారయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు. వాడి లెక్క వాడిది. 'తన సరుకును తానే తిట్టేవాళ్లుంటారా? ఏదో ఎత్తు వేశారు. ఈ ఎంగిలి బంతి చూపించి నన్ను వట్టి చేతులతో పంపేసి, వెనకాల ఈ ఆరూ వీళ్లు పట్టుకెళ్లి కోరిక కొట్టేస్తారు. నాకా నేర్పుతారు?' ఒక్క ఊపున ఆరు బొమ్మలూ తీగకు గుచ్చి, వీపున వేసుకుని పరుగెత్తాడు.

"ఆగు! అవి పసిపాపకు..." అని ముక్కోటి వెంటపడబోయాడు.

"వాడి వెంట కాదు, వాడికంటే ముందు పో!" అంది సింగారమ్మ. "ఐరావతమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు. పాప నోటికి పేడు తగలకూడదు. మన చెట్టు పోతే పోనీ."

"వాడికి నిజమే చెప్పావు గదే, ఎందుకు నమ్మలేదు?"

"నిజం నమ్మడం అలవాటుంటే నక్క ఎందుకవుతాడు? ముందు ఎగురు!"

ఏనుగుల మైదానం నిండా జనం. జింకలు, కుందేళ్లు, అడవిపందులు, నెమళ్లు. మధ్యలో ఏనుగుపాప తన తొండం తానే తొక్కుకుని పడుతూ లేస్తోంది. నాంచారయ్య రొప్పుతూ వచ్చి బొమ్మలు వరసగా పేర్చాడు.

"తల్లీ! ఈ ఆరూ నేను దగ్గరుండి చేయించాను. ఒక్క ఎంగిలి మరక లేదు. కోరిక సంగతి..."

సొమ్మొకడిది, సోకొకడిది. ఐరావతమ్మ చెవి వెనక అప్పటికే ముక్కోటి వాలి ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు. ఆమె తొండం ఊపింది.

"చాలా బాగున్నాయి నాంచారయ్యా. ముందు నువ్వు ఆడి చూపించు."

"నేనా? వయసు మీరినవాణ్ణి తల్లీ..."

"నేను నీకంటే పెద్దదాన్ని. మనవరాలి కోసం రోజూ బురదలో పొర్లుతున్నాను. ఎక్కు ఆ గుర్రం."

నక్క గుర్రం ఎక్కాడు. ఒక ఊపు ఊగేసరికి మిగిలిన చెవి ఊడింది, రెండో ఊపుకు కాళ్లు నాలుగూ నాలుగు వైపులకు పోయాయి. నాంచారయ్య బోర్లా పడ్డాడు. ఏనుగుపాప కిలకిలా నవ్వింది.

"చూశారా, పాపకు నచ్చింది!" అని లేచాడు.

"దానికి నచ్చింది గుర్రం కాదు, నువ్వు పడటం. బండి ఎక్కు."

బండి పది అడుగులు పోయింది. చక్రం ఒక్కటే పదకొండో అడుగు వేసింది. నక్క ముళ్లపొదలో తేలాడు.

"మళ్లీ పడు తాతా! మళ్లీ!" పాప గంతులేసింది.

"బూర కూడా ఊది చూపించు," అంది ఐరావతమ్మ తాపీగా.

నాంచారయ్య చివరి ఆశతో బూర నోట్లో పెట్టుకుని బలంగా ఊదాడు. అది మోగలేదు, వాడే మోగాడు. మూతి దగ్గరి నాలుగు పేళ్లూ నాలుకలో దిగాయి. అడవినంతా మాటలతో అమ్మినవాడికి ఆ పూట ఒక్క మాట పెగల్లేదు. "థెలమ... థెలమ..." అన్నాడు. ఏం కోరుకుంటున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

అంతలో గట్టు మీంచి గలగలా మోత వినపడింది. బంతి దొర్లుకుంటూ వస్తోంది. లోపలి నుంచి ముగ్గురు పిల్లల కేకలు, వెనక ఎగురుతూ సింగారమ్మ. దానికి మోసే కూలీ అక్కర్లేదు, వాలు చాలు. బంతి సరిగ్గా ఏనుగుపాప కాళ్ల దగ్గర ఆగింది. ముగ్గురూ తల తిరిగి తూలుతూ బయటికొచ్చారు.

ఐరావతమ్మ తొండంతో బంతిని తడిమింది. "గీతలున్నాయేం?"

"ఎంగిలి పెద్దమ్మా," అంది సింగారమ్మ తలెత్తి. "ఇది పెద్దవాడు పొడిచింది. ఇది బుడిగి తోసినప్పటి సొట్ట. నాకింది మాత్రం చిన్నవాడు, మొత్తం బంతంతా. మా ఇంట్లో బొమ్మ ఇలాగే తయారవుతుంది."

ఐరావతమ్మ గట్టిగా నవ్వింది. "నేను ఐదుగురు బిడ్డల్ని గడ్డి నమిలి పెట్టి పెంచాను. ఎంగిలి తినకుండా పెరిగిన బిడ్డ ఎక్కడుందే?"

పాప అప్పటికే బంతిని తన్నేసింది. అది గలగలమంది, పాప ఘీంకరించింది, మళ్లీ తన్నింది. సాయంత్రం దాకా పేరు పెట్టించుకోవడానికి కూడా ఆగలేదు. చివరికి పరుగెడుతున్న పిల్లకే పేరు పెట్టేశారు.

చెట్టు నిలిచింది. ఏనుగులు దాని చుట్టూ తిరిగి కొత్త దారి చేసుకున్నాయి. ఐరావతమ్మ వెళ్తూ వెళ్తూ, "పక్క మందల్లోనూ పిల్లలున్నారు. వచ్చే పున్నమికి యాభై బంతులు కావాలి" అంది.

మొగుడూపెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈసారి మాట్లాడింది ముక్కోటి.

"ఐదిస్తాం పెద్దమ్మా. ఈ నెల మా పిల్లలు ఎగరడం నేర్చుకుంటారు. వాళ్లు పడ్డప్పుడు మేమిద్దరం కింద ఉండాలి."

ఇక నాంచారయ్య. వాడి నాలుక వాపు వారానికి తగ్గింది. కానీ చెలమ దగ్గర పెత్తనం మాట అటుంచి, ఆ వేసవంతా అక్కడి నీళ్లు తాగడానికి కూడా వాడు పోలేకపోయాడు. పోతే చాలు, ఏనుగుపాప దూరం నుంచే గుర్తుపట్టి "పడే తాత వచ్చాడు! మళ్లీ పడు తాతా!" అని తొండం చాపి వెంటపడేది. పాపం, రెండు కొండల అవతలి మడుగుకు నడిచి వెళ్లి గొంతు తడుపుకునేవాడు.

నీతి: ఇంటి పిల్లల అల్లరికి నిలిచిన పనే ఊరి పెద్దల ముందు నిలుస్తుంది.